స్కై ద్వీపంలో ఇద్దరికీ ఒక్కటే రోజు: ఎక్కడికి వెళ్ళాలి, ఏవి వదిలేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సెప్టెంబరు రెండో వారంలో మీరూ మీ వారూ స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌లో కారు అద్దెకి తీసుకుని స్కై ద్వీపానికి వెళ్తున్నారు. పోర్ట్రీలో రెండు రాత్రులు గది బుక్ చేశారు, మధ్యలో తిరగడానికి పూర్తిగా దొరికేది ఒక్క రోజే. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్, కిల్ట్ రాక్, క్విరాంగ్, ఫెయిరీ గ్లెన్, డన్‌వెగన్ కోట, నీస్ట్ పాయింట్ లైట్‌హౌస్, టాలిస్కర్ డిస్టిలరీ, ఫెయిరీ పూల్స్ అనే నీటి మడుగులు అన్నీ లిస్టులో ఉన్నాయి. ఆయనకి ఇక్కడి రోడ్ల మీద డ్రైవింగ్ కొత్త. మీకు మోకాలి నొప్పి, పైగా మలుపుల రోడ్డంటే కడుపులో తిప్పుతుంది. ఏ వరసలో వెళ్తే అన్నీ అవుతాయి?

ఏ వరసలో వెళ్ళినా అన్నీ అవ్వవండి. మీరు రాసిన ఎనిమిదింటిలో సగం ద్వీపానికి ఉత్తరాన ఉన్నాయి, సగం పడమరకీ దక్షిణానికీ చెదిరి ఉన్నాయి. ఫోన్‌లో మ్యాప్ చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి కానీ స్కై ఆ చివర నుంచి ఈ చివరకి దాదాపు 80 కిలోమీటర్లు. తీరమంతా ద్వీపకల్పాలే. ఒకదాని కొస నుంచి పక్కదాని కొసకి అడ్డదారి ఉండదు, మధ్యలో సముద్రం ఉంటుంది. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళాలి. పోర్ట్రీ నుంచి నీస్ట్ పాయింట్‌కి గంట పడుతుంది. అక్కడి నుంచి ఫెయిరీ పూల్స్‌కి గంట పైనే. అక్కడి నుంచి స్టోర్ కొండకి దాదాపు ఇంకో గంట. ఇవన్నీ ఒక రోజులో కలిపితే మీ వారికి స్టీరింగ్, మీకు వాంతులు, ఇద్దరికీ కలిపి ఓ గొడవ మిగులుతాయి.

నేను గ్లాస్గోలో ఉంటాను. ఊరి నుంచి ఎవరొచ్చినా స్కై చూపించే డ్యూటీ నాదే. అందరికీ చెప్పేదే మీకూ చెప్తున్నాను. ఆ రోజంతా ట్రాటర్‌నిష్ ఒక్కదానికే ఇచ్చేయండి. పోర్ట్రీకి ఉత్తరాన ఉన్న ద్వీపకల్పం అది. చుట్టూ ఒక రౌండు కొట్టి పోర్ట్రీకి తిరిగొస్తే 80 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకపోతే రెండు గంటల డ్రైవ్. మిగతా టైమంతా కాళ్ళ మీద గడపొచ్చు. మీ లిస్టులో స్టోర్, కిల్ట్ రాక్, క్విరాంగ్, ఫెయిరీ గ్లెన్ నాలుగూ అక్కడే ఉన్నాయి.

ట్రాటర్‌నిష్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, అక్కడ చూసేవన్నీ ఒకే కథలో ముక్కలు. కింద ఉన్నవి జురాసిక్ కాలపు ఇసుకరాళ్ళు, బురద గట్టిపడ్డ పొరలు. డైనోసార్లు నడిచిన నేల అది. దాని మీద సుమారు 6 కోట్ల ఏళ్ళ క్రితం అగ్నిపర్వతాల లావా పొర మీద పొరగా పరుచుకుంది. కింద మెత్తటి రాయి, పైన వందల మీటర్ల మందాన బసాల్ట్ అనే గట్టి లావా రాయి. రాగి సంకటి మీద రోలు పెట్టినట్టు. ఆ బరువుకి తూర్పు వైపు అంచు పొడవునా కొండ విరిగి ముందుకి జారింది. అలా జారిన మేర దాదాపు 30 కిలోమీటర్లు, బ్రిటన్‌లో ఇంత పెద్దది ఇంకెక్కడా లేదు. జారిపోగా మిగిలిన ముక్కలే ఓల్డ్ మ్యాన్ స్తంభం, క్విరాంగ్ శిఖరాలు. తెలంగాణలో వికారాబాద్ వైపు నేల కింద ఉన్న దక్కన్ లావా కూడా ఇంచుమించు ఆ కాలానిదే, ఇంకాస్త పాతది. అక్కడ మనం దాన్ని చదునుగానే చూస్తాం. ఇక్కడ అదే రాయి విరిగి నిలువుగా నిలబడి ఉంటుంది. క్విరాంగ్ దగ్గర నేల ఇప్పటికీ మెల్లగా కదులుతూనే ఉంది. ఫ్లోడిగారీ అనే ఊరి దగ్గర రోడ్డు పగలడం, మళ్ళీ బాగు చేయడం అక్కడివాళ్ళకి మామూలే.

ఇక ఆ రోజు సంగతి.

సెప్టెంబరు రెండో వారంలో సూర్యోదయం ఏడింటికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. సాయంత్రం ఏడున్నర దాకా వెలుగుంటుంది. ఈ కొండల ముఖాలన్నీ తూర్పుకి తిరిగి ఉంటాయి కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా వాటి మీద పడుతుంది. మధ్యాహ్నం దాటాక అవి నీడలోకి వెళ్ళిపోతాయి, ఫోటోల్లో నల్లగా వస్తాయి. అందుకే పోర్ట్రీ నుంచి తూర్పు తీరం వెంట ఎక్కి, పడమటి వైపు నుంచి దిగి రండి. చాలామంది హోటల్లో తీరిగ్గా టిఫిన్ చేసి పదింటికి బయల్దేరతారు. అప్పటికి స్టోర్ పార్కింగ్ నిండిపోతుంది. మీరు ఏడున్నరకల్లా అక్కడ ఉండండి. పోర్ట్రీ నుంచి పావుగంట దారే. టిఫిన్ ప్యాక్ చేసి ఇవ్వమని ముందు రోజు రాత్రే అడగండి, చాలా చోట్ల ఇస్తారు.

స్టోర్ కొండ ఎత్తు 719 మీటర్లు. దాని ముందు విడిగా నిలబడ్డ 50 మీటర్ల రాతి స్తంభమే ఓల్డ్ మ్యాన్. 1955 దాకా దాని మీదకి ఎవరూ ఎక్కలేకపోయారు. మీరు వెళ్ళేది దాని పాదాల దాకానే కాబట్టి ఆ బెంగ లేదు. రానూపోనూ నాలుగు కిలోమీటర్ల లోపే, కానీ ఎక్కాల్సిన ఎత్తు మూడు వందల మీటర్లకి దగ్గర. మామూలు వాళ్ళకి గంటన్నర, రెండు గంటలు. దారి మొదట్లో చక్కగా గులక పరిచి ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ రాతి మెట్లవుతుంది. ఆ మెట్లు మన గుడి మెట్లలా సమానంగా ఉండవు. ఒకటి జానెడు, ఇంకోటి మోకాలి ఎత్తు.

మీ మోకాలి విషయం ఇక్కడే ఆలోచించాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందే తప్ప మోకాలు పెద్దగా ఏడిపించదు. దిగేటప్పుడే అసలు కష్టం. అందుకని మీరు నిటారు మెట్ల దాకా వెళ్ళక్కర్లేదు. కార్ పార్కు పైన ఒకప్పుడు దట్టంగా చెట్లుండేవి. వాటిని నరికేశాక కింది సగం అంతా బయలుగా ఉంది. ఆ సగం ఎక్కి వెనక్కి తిరిగి చూసినా సముద్రం, దాని అవతల ‘రాసే’ అనే పేరున్న ద్వీపం, ఇంకా అవతల స్కాట్లండ్ ప్రధాన భూభాగపు కొండలు కనిపిస్తాయి. మీ వారికి పై దాకా వెళ్ళాలనుంటే వెళ్ళనివ్వండి. కాకపోతే ఎన్నింటికి తిరిగి కలుస్తారో ముందే అనుకోండి, ఫోన్ సిగ్నల్ని నమ్ముకోవద్దు. ఇద్దరూ కలిసే వెళ్ళాలంటే రెండు వాకింగ్ స్టిక్స్ కొనుక్కోండి. దిగేటప్పుడు మోకాలి మీద పడే బరువు వాటి మీదకి పోతుంది. ఇది మాత్రం పిసినారితనం పడాల్సిన చోటు కాదు.

ఇక్కడ పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, కార్డు గీస్తే చాలు. బాత్రూమ్‌లు ఉన్నాయి. వాడుకునే వెళ్ళండి, తర్వాత చాలాసేపు దొరకవు.

స్టోర్ నుంచి ఉత్తరానికి పది నిమిషాలు వెళ్తే లెల్ట్ జలపాతం. కారు దిగి ఐదు నిమిషాల నడక. కింద సముద్రపు ఒడ్డున పాత కట్టడాల శిథిలాలు కనిపిస్తాయి. అక్కడ డయాటమైట్ అనే ఒకరకం తెల్లమట్టిని ఆరబెట్టేవాళ్ళు. పావుగంట చాలు.

ఆ తర్వాత కిల్ట్ రాక్. ఇక్కడ రెండు చూడాలి. మెల్ట్ చెరువు నీళ్ళు సుమారు 55 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా సముద్రంలోకి దూకుతాయి. దాని వెనక నిలువు స్తంభాలుగా చీలిన రాతి గోడ ఉంటుంది. చల్లారేటప్పుడు ముడుచుకుని అలా చీలింది. స్కాట్లండ్ మగవాళ్ళు కట్టుకునే కిల్ట్ కుచ్చిళ్ళలా ఉందని ఆ పేరు. కారు ఆపిన చోటు నుంచి నాలుగడుగులే, మోకాలికి సెలవు. గాలి బాగా వీచే రోజైతే అంచున వేసిన ఇనప కంచె దగ్గర కాసేపు నిలబడండి. గొట్టాల్లోకి గాలి దూరి సన్నగా ఊళ వేసినట్టు శబ్దం వస్తుంది. కొందరు ఎవరో వేణువు వాయిస్తున్నారేమో అని చుట్టూ వెతుకుతారు. టూరిస్టు బస్సులన్నీ ఇక్కడ ఆగుతాయి. రెండు బస్సులు ఒకేసారి వచ్చాయంటే కంచె దగ్గర చోటు దొరకదు. ఓ పది నిమిషాలు కార్లో కూర్చుంటే వాళ్ళే వెళ్ళిపోతారు.

స్టాఫిన్ ఊరు దాటగానే సముద్రం వైపు చిన్న రోడ్డు దిగుతుంది, అన్ కొరాన్ బీచికి. అక్కడి రాతి పలకల మీద డైనోసార్ అడుగులున్నాయి, మూడు వేళ్ళవి. వయసు సుమారు 16 కోట్ల ఏళ్ళ పైమాట. 2002లో బయటపడ్డాయి. సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడే కనిపిస్తాయి. పోటు మీదున్నప్పుడు వెళ్తే ఇసుక, నాచు, చలి తప్ప ఏమీ ఉండవు. ఎండాకాలంలో ఇసుక మేట వేసి కొన్ని అడుగులు పూడిపోతాయి, చలికాలపు తుఫానులకి మళ్ళీ తేలతాయి. అందుకే సెప్టెంబరులో గ్యారంటీ ఇవ్వలేను. మీరు హైదరాబాద్ వాళ్ళమన్నారు కదా, బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసే ఉంటారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. అదీ జురాసిక్ జంతువే, ఈ అడుగులకంటే పాతది. దాన్ని చూశాక ఇక్కడికొచ్చి నేల మీద అడుగు చూస్తే ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. ముందు రోజు రాత్రి నెట్‌లో స్టాఫిన్ ఆటుపోట్ల టైము చూసుకోండి. మీరు అటు వెళ్ళే వేళకి ఆటు ఉంటేనే దిగండి, లేకపోతే మొహమాటం లేకుండా దాటిపోండి. నాచు పట్టిన పలకల మీద మాత్రం మీరు నడవద్దు, మోకాలు బాగున్నవాళ్ళే జారిపడతారు.

స్టాఫిన్ నుంచి ఎడమకి తిరిగే చిన్న రోడ్డు క్విరాంగ్ మీదుగా పడమటి తీరంలోని ఊయిగ్‌కి పోతుంది. నన్నడిగితే ఈ రోజంతటికీ ప్రాణం ఇదే. ఒకవేళ స్టోర్, క్విరాంగ్‌లలో ఒకటే చూడగలం అన్న పరిస్థితి వస్తే స్టోర్ వదిలేయండి. ఫోటోల్లో ఫేమస్ స్టోరే, కానీ క్విరాంగ్‌లో కారు మిమ్మల్ని పై దాకా తీసుకెళ్ళిపోతుంది. ఎత్తు ఎక్కే పని రోడ్డే చేసేసింది కాబట్టి మీలాంటి వాళ్ళకి ఇదే మేలు.

కార్ పార్కు నుంచి కొండ అంచు వెంట ఉత్తరానికి ఒక కాలిబాట పోతుంది. పూర్తి చుట్టు కొడితే ఏడు కిలోమీటర్లకి కాస్త తక్కువ, రెండు మూడు గంటలు. మీరు అది పెట్టుకోవద్దు. మొదటి పదిహేను ఇరవై నిమిషాల బాట పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. ఎడమ చేతి వైపు కొండ, కుడి చేతి వైపు జారుడు. బాట వెడల్పు ఒక మనిషికే. ఎదురుగా ఎవరైనా వస్తే కొండ వైపు నిలబడి వాళ్ళకి దారివ్వండి. అలా కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరిగితే, మీరు వచ్చిన రోడ్డు పాములా మెలికలు తిరుగుతూ కింద కనిపిస్తుంది. దాని వెనక ట్రాటర్‌నిష్ కొండల వరస ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి పోతుంది. అందరూ పెట్టే ఫోటో అదే. ముందుకి చూస్తే ప్రిజన్ అనే కోట లాంటి రాయి, దానికి ఎదురుగా నీడిల్ అనే సూది స్తంభం. బాటకి అడ్డంగా ఒక చిన్న వాగు చీలిక వస్తుంది, అక్కడ రాళ్ళ మీద చేతులు ఆనించి దాటాలి. మీరు అక్కడే ఆగిపోండి. ఓ బండరాయి చూసుకుని కూర్చోండి, మీ వారు ఇంకో అరగంట ముందుకి వెళ్ళి వస్తారు. ఒంటరిగా కూర్చోవడం నష్టమనుకోకండి. మేఘం నీడ కింద పొలాల మీద నుంచి జరుగుతూ పోతుంటే ఒక్కో కొండ వెలిగి ఆరిపోతుంటుంది. ఫోటో తీసుకుని పరుగెత్తేవాళ్ళకి అది కనిపించదు.

కొత్త డ్రైవర్ సంగతి ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే ఈ రోడ్డు మీదే ఆయనకి టెన్షన్. స్టాఫిన్ వైపు నుంచి ఎక్కేటప్పుడు చివర్లో నిటారుగా హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఎక్కడం తేలికే, దిగడమే భయం, అందుకే ఈ దిశలో వెళ్ళమంటున్నాను. అటువైపు ఊయిగ్‌కి దిగుడు మెల్లగా ఉంటుంది. కారు ఆటోమేటిక్ తీసుకోండి, చిన్నది తీసుకోండి. ఇండియన్ లైసెన్సు మీద ఏడాది పాటు ఇక్కడ నడపొచ్చు.

రోడ్డు సింగిల్ ట్రాక్, అంటే రెండు వైపులకీ కలిపి ఒకటే లేన్. కొంత దూరానికొకటి పాసింగ్ ప్లేస్ అని బోర్డు ఉంటుంది, అక్కడ రోడ్డు కొంచెం ఉబ్బి ఉంటుంది. ఎదురుగా బండి కనిపిస్తే, పాసింగ్ ప్లేస్ మీ ఎడమ పక్కన ఉంటే అందులోకి తప్పుకోండి. కుడి పక్కన ఉంటే మీరు మీ లేన్‌లోనే దానికి ఎదురుగా ఆగండి, వాళ్ళే అందులోకి దిగి వెళ్తారు. కుడివైపుకి మాత్రం దూరకండి, ఎదుటివాడు తికమకపడతాడు. పైకి ఎక్కుతున్న బండికి దిగేవాళ్ళు దారివ్వడం పద్ధతి. దారిచ్చినవాళ్ళకి చెయ్యెత్తి చూపాలి. ఇక్కడ అది మర్యాద మాత్రమే కాదు, రూలంత గట్టిది. వెనక ఎవరైనా తొందరలో ఉంటే తప్పుకుని వాళ్ళని పోనివ్వండి. ఆ కారులో ఉన్నది డ్యూటీకి వెళ్తున్న నర్సు కావచ్చు, స్కూలు పిల్లల్ని తీసుకొచ్చే తల్లి కావచ్చు. పాసింగ్ ప్లేస్‌లో కారు ఆపి ఫోటోలకి దిగడం పరమ తప్పు. అక్కడివాళ్ళకి టూరిస్టుల మీద ఉన్న కోపంలో పెద్ద భాగం దీని వల్లే. పక్కన గడ్డి మీద కూడా ఎక్కించకండి. పైకి పచ్చగా ఉంటుంది కానీ కింద బురద, చక్రం దిగబడితే గుంజడానికి ట్రాక్టరే రావాలి.

గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. హారన్ కొడితే లేవవు. ఆగి, మెల్లగా కదులుతూ ఉంటే విసుక్కుని లేస్తాయి.

ఇంకో సంగతి, ఎవరూ చెప్పరు. కారు తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి. క్విరాంగ్ దగ్గర గాలి తలుపుని లాగేసి ముందుకి విరిచేస్తుంది. మామూలు ఇన్సూరెన్సులో అది రాకపోతే బిల్లు మీదే. ఇద్దరూ ఒకేసారి రెండు వైపుల తలుపులు తీయకండి. సీట్లో ఉన్న కాగితాలు, టిష్యూలు, పార్కింగ్ టికెట్‌తో సహా అట్లాంటిక్‌లో కలుస్తాయి.

కడుపులో తిప్పే సమస్యకి బయల్దేరే అరగంట ముందు మాత్ర వేసుకోండి, ముందు సీట్లో కూర్చోండి, కార్లో ఉన్నంతసేపూ ఫోన్ చూడకండి. నేను చెప్పిన దారిలో ఎక్కడా ఏకబిగిన అరగంట మించి కార్లో ఉండరు, సగం మందు అదే.

మధ్యాహ్నం భోజనం మీతోనే తీసుకెళ్ళండి. స్టాఫిన్‌లో, ఊయిగ్‌లో కేఫ్‌లున్నాయి కానీ మీరు అనుకున్న వేళకి తెరిచి ఉంటాయని నమ్మకం లేదు. ఆదివారమైతే మరీను. చేపలు తినేవాళ్ళైతే కలన్ స్కింక్ అనే సూప్ దొరికిన చోట వదలకండి. పొగబెట్టిన హాడక్ చేప, ఆలుగడ్డ, పాలు వేసి చేస్తారు. చలిలో వేడివేడిగా భలే ఉంటుంది. శాకాహారులైతే ముందు రాత్రి పోర్ట్రీలో సూపర్ మార్కెట్‌కి వెళ్ళి బ్రెడ్డు, పళ్ళు కొనుక్కోండి. వంటగది ఉన్న గదైతే పులిహోర కలుపుకుని డబ్బాలో పెట్టుకోవడం కంటే ఉత్తమం లేదు. క్విరాంగ్ పార్కింగ్‌లో కారు గాలికి ఊగుతుంటే, అద్దాలన్నీ ఆవిరి పట్టి, లోపల ఇంగువ వాసన. మావాళ్ళు స్కై గురించి చెప్పమంటే ముందు ఇదే చెప్తారు.

ఊయిగ్‌కి దిగాక రెండు దారులున్నాయి. దగ్గరలో ఫెయిరీ గ్లెన్ ఉంది. అది పెద్ద కొండలకి బొమ్మ నమూనాలా ఉండే చిన్న లోయ. పచ్చటి గుట్టలు, మధ్యలో కోట బురుజులా కనిపించే ఒక రాయి. జనం అక్కడి రాళ్ళు ఏరి గుండ్రంగా పేరుస్తుంటారు, ఊరివాళ్ళు తీసేస్తుంటారు. మీరు ఆ పని చేయకండి. బాగుంటుంది కానీ క్విరాంగ్ చూసిన కళ్ళకి ఆనదు.

నేనైతే ఊయిగ్ నుంచి ఉత్తరానికి, కిల్మ్యూర్ వైపు పంపిస్తాను. అక్కడి శ్మశానంలో ఫ్లోరా మెక్‌డొనాల్డ్ సమాధి ఉంది. బ్రిటన్ సింహాసనం కోసం పోరాడి, 1746 ఏప్రిల్‌లో కలోడెన్ యుద్ధంలో ఓడిపోయిన యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్‌ని పట్టిస్తే 30,000 పౌండ్లని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో ఊహకందని డబ్బు. ఈవిడ అతనికి ఆడవేషం వేయించి, బెటీ బర్క్ అనే పనిమనిషిగా చెప్పి పడవలో స్కైకి దాటించింది. తర్వాత పట్టుబడి లండన్‌లో ఖైదులో ఉంది. 1747లో వదిలారు. అమెరికా వెళ్ళి, అక్కడా యుద్ధంలో చిక్కుకుని, మళ్ళీ స్కైకే వచ్చి 1790లో చనిపోయింది. ఫ్యాషన్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్‌ని కూడా ఇదే శ్మశానంలో సమాధి చేశారు. పక్కనే గడ్డి కప్పు ఇళ్ళ మ్యూజియం ఉంది, వేళలు ముందు చూసుకోండి. ఆ ఇళ్ళలోకి వంగి దూరితే కౌలు రైతుల బతుకు ఎలా ఉండేదో కొంత అర్థమవుతుంది. గొర్రెల మందల కోసం భూస్వాములు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించిన చరిత్ర ఈ ద్వీపానిది. 1882లో పోర్ట్రీకి దక్షిణాన బ్రేస్ అనే చోట రైతులు, ఆడవాళ్ళతో సహా, గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసుల మీద తిరగబడ్డారు. ఇలాంటి గొడవల ఫలితంగానే 1886లో రైతుని ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టకూడదనే చట్టం వచ్చింది. ఖాళీగా, అందంగా కనిపించే ఆ లోయల్లో కొన్ని అలా ఖాళీ అయినవే.

ఇంకో ఐదు నిమిషాలు వెళ్తే డన్‌టల్మ్ కోట శిథిలాలు. గోడలు పడిపోతున్నాయి, లోపలికి వెళ్ళొద్దు. కానీ అక్కడి నుంచి సాయంత్రపు వెలుగులో సముద్రం అవతల హారిస్ అనే చోటి కొండలు కనిపిస్తాయి. వెనక్కి వచ్చేటప్పుడు ఊయిగ్‌లో ఫెర్రీ దిగే సమయం చూసుకోండి. పెద్ద ఓడ వచ్చిందంటే కార్లు బారుగా పోర్ట్రీ రోడ్డెక్కుతాయి. కొత్త డ్రైవర్‌కి వాటి ముందు ఉండటం కంటే, ఓ టీ తాగి వాటి వెనక వెళ్ళడం హాయి.

ఇక వదిలేయమన్నవాటి గురించి. నీస్ట్ పాయింట్ చాలా బాగుంటుంది, 1909 నాటి లైట్‌హౌస్, సూర్యాస్తమయం అద్భుతం. కానీ నిటారు మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి, ఆ తర్వాత చీకట్లో గంటసేపు సన్నటి రోడ్డు మీద రావాలి. మీ ఇద్దరి పరిస్థితికీ అది పనికిరాదు. ఫెయిరీ పూల్స్‌కి వెనకున్న ‘కూలిన్’ అనే కొండలే అందం, అవి సగం రోజులు మబ్బులోనే ఉంటాయి. టాలిస్కర్ 1830 నాటి డిస్టిలరీ, విస్కీ ఇష్టమైతే మంచిదే. కానీ స్కాట్లండ్‌లో తాగి నడిపే పరిమితి ఇంగ్లండ్ కంటే తక్కువ, 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములే. కాబట్టి డ్రైవర్‌కి వాసనే దక్కుతుంది.

డన్‌వెగన్ కోటని మాత్రం జేబులో పెట్టుకోండి, వాన కోసం. ఎనిమిది వందల ఏళ్ళుగా మక్లౌడ్ వంశం చేతిలో ఉంది. లోపల ఫెయిరీ ఫ్లాగ్ అనే చిరుగుల పట్టుగుడ్డ ఉంటుంది, యుద్ధంలో విప్పితే గెలుపు ఖాయమని నమ్మకం. పొద్దున్న పోర్ట్రీ దాటిన కాసేపటికే స్టోర్ కొండ కనిపించాలి. నడుము దాకా మబ్బు దిగి ఉంటే ఎక్కి ప్రయోజనం లేదు. ముందుకి వెళ్ళి లెల్ట్, మెల్ట్ జలపాతాలు చూడండి, వానకి అవి ఇంకా బాగుంటాయి. పదకొండింటికి కూడా తెరిపివ్వకపోతే వెనక్కి తిరిగి డన్‌వెగన్ వెళ్ళిపోండి. ఒక గంట వానకి మాత్రం ప్లాన్ మార్చకండి, ఇక్కడ వాతావరణం గంటకోసారి మారుతుంది.

గొడుగు వద్దు, మొదటి గాలికే తిరగబడుతుంది. టోపీ ఉన్న వాన కోటు, వాన ప్యాంటు, పట్టున్న బూట్లు, ఇంకో జత సాక్సులు. మిడ్జెస్ అనే కంటికి కనిపించీ కనిపించని, దోమల్లాంటి కుట్టే పురుగులు సెప్టెంబరులో తగ్గుతాయి కానీ పోవు. గాలి ఉంటే రావు, గాలి ఆగిన సాయంత్రం చెరువు పక్కన నిలబడితే వదలవు. పోర్ట్రీ షాపుల్లో వాటికి స్ప్రే దొరుకుతుంది. మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోలు ముందు రోజే పోర్ట్రీలో నింపుకోండి.

రాత్రి భోజనానికి టేబుల్ ఇప్పుడే బుక్ చేయండి. పోర్ట్రీ చిన్న ఊరు, ఎనిమిదిన్నర దాటాక చాలా కిచెన్లు కట్టేస్తారు. తొమ్మిదింటికి వెళ్ళి తలుపులు తట్టి చివరికి గదిలో చిప్స్ తిన్నవాళ్ళు నాకు తెలుసు. మర్నాడు తిరిగి వెళ్ళేటప్పుడు, స్కై నుంచి ప్రధాన భూభాగానికి ఉన్న వంతెన దాటిన పావుగంటకి ఐలన్ డోనన్ కోట రోడ్డు పక్కనే వస్తుంది, దానికో అరగంట ఉంచుకోండి.

మీరు తిరిగే తేదీ కచ్చితంగా చెప్తే, ఆ రోజు ఆటు ఏ వేళకి వస్తుందో చూసి, అన్ కొరాన్ ముందా క్విరాంగ్ ముందా అన్నది చెప్తాను.